లైన్ తెగిన రోజు బ్యాంకు నడిచింది, నా సెంటర్ ఆగిపోయింది: ప్రైవేట్ నెట్‌వర్క్ ఎవరికి ఇస్తారు?

కోనసీమ_సేవాకేంద్రం | సోమవారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. కోనసీమలో ఒక మండల కేంద్రంలో సేవా కేంద్రం నడుపుతున్నాను. బిల్లులు కట్టడం, సర్టిఫికెట్లకు దరఖాస్తులు పెట్టడం, వీటితోపాటు ఒక బ్యాంకుకు బ్యాంక్ మిత్రగా వేలిముద్ర తీసుకుని డబ్బులు ఇవ్వడం నా పని.

ఈమధ్య గాలివానకు చెట్టు కొమ్మ విరిగి ఫైబర్ తీగ మీద పడింది. నెట్ పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ పెడదామంటే టవర్‌కు కరెంటు లేక సిగ్నల్ నిలవలేదు. అదే వీధిలో ఉన్న బ్యాంకు బ్రాంచిలో మాత్రం డబ్బులు ఇస్తూనే ఉన్నారు. నా దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లను అక్కడికి పంపించాల్సి వచ్చింది. దూరం నడవలేని వాళ్ల కోసమే కదా బ్యాంక్ మిత్రలను పెట్టింది! వాళ్లు వానలో తడుస్తూ వెళ్లి అక్కడ క్యూలో నిలబడ్డారు. చూస్తుంటే చాలా బాధ వేసింది.

మేనేజర్ గారిని అడిగితే "మాది ఇంటర్నెట్ కాదండీ, బ్యాంకు సొంత నెట్‌వర్క్" అన్నారు. సొంత నెట్‌వర్క్ అంటే బ్యాంకు తనే తీగలు వేసుకుందా? అలాంటిది నాలాంటి వాడికి దొరుకుతుందా? ఇంకో సందేహం కూడా ఉంది. నేను వాడేది మామూలు ఇంటర్నెట్ కదా, నా దగ్గర పెట్టిన వేలిముద్ర అందరూ తిరిగే దారిలోనే వెళ్తోందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

విశ్రాంత_బ్యాంకు_ఉద్యోగి | సోమవారం, రాత్రి 10:02

నమస్తే అండీ. బ్యాంకు ఐటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీ మేనేజర్ గారు చెప్పింది నిజమే. ఆ బ్రాంచి డాబా మీద టీవీ డిష్ కన్నా పెద్దదైన తెల్ల డిష్ ఒకటి ఉందేమో చూడండి. దాన్ని వీశాట్ అంటారు. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి సిగ్నల్ వెళ్లి, అక్కడి నుంచి నేరుగా హబ్‌కు, అంటే భూమి మీద ఉన్న కేంద్ర స్టేషన్‌కు, దిగుతుంది. ఊళ్లో తీగ తెగినా, టవర్ ఆగినా దానికి సంబంధం లేదు. జనరేటర్ నడిస్తే చాలు. వేగం తక్కువే. సిగ్నల్ పోయి రావడానికి అర సెకను దాకా పడుతుంది, జోరు వానలో ఒక్కోసారి బలహీనపడుతుంది కూడా. అయినా ఒక విత్‌డ్రాయల్‌కు పంపాల్సిన సమాచారం చాలా కొంచెం కాబట్టి పని జరిగిపోతుంది.

ఇందులో రెండు నెట్‌వర్కులు ఉన్నాయి. బ్రాంచి నుంచి బ్యాంకు డేటా సెంటర్ వరకు ఉన్నది ఆ బ్యాంకు సొంతం. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు, రిజర్వ్ బ్యాంకుకు వెళ్లడానికి వేరే ఉంది, దాని పేరు ఇన్ఫినెట్. ఇది మన హైదరాబాద్‌లోనే పుట్టింది. మాసాబ్‌ట్యాంక్ దగ్గర ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థను రిజర్వ్ బ్యాంకు 1996లో పెట్టింది. 1999లో ఆ సంస్థే ఇన్ఫినెట్‌ను మొదలుపెట్టింది. అప్పట్లో అది ఎక్కువగా వీశాట్ల మీదే నడిచేది. రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులు, ఆర్థిక సంస్థలు తప్ప బయటివాళ్లకు అందులో చోటు లేదు. 2004లో, పెద్ద మొత్తాలను బ్యాంకు నుంచి బ్యాంకుకు అప్పటికప్పుడు పంపే ఆర్‌టీజీఎస్ వచ్చినప్పుడు అంత పెద్ద మొత్తాలు ధైర్యంగా పంపగలిగామంటే కింద ఆ నెట్‌వర్క్ ఉండబట్టే. ఏ బ్యాంకు కార్డునైనా ఏ ఏటీఎంలోనైనా పెట్టే వీలు కల్పించిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ కూడా అదే ఏడాది ఐడీఆర్‌బీటీ చేతుల మీదుగా మొదలైంది. 2009 డిసెంబరులో దాన్ని, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి అప్పగించారు.

ఈ చరిత్ర మనవాళ్లకు పెద్దగా తెలియదు. హైదరాబాద్ ఐటీ అంటే హైటెక్ సిటీ అద్దాల భవనాలే అందరికీ గుర్తొస్తాయి. దేశంలోని బ్యాంకులన్నిటినీ కలిపిన పని మాసాబ్‌ట్యాంక్ కొండ మీద జరిగింది. ఆ కాలంలో బ్యాంకులో పనిచేసినందుకు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

గచ్చిబౌలి_నెట్‌వర్క్_ఇంజినీర్ | సోమవారం, రాత్రి 11:20

పెద్దాయన చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ప్రైవేట్ నెట్‌వర్క్ అనగానే వేరే తీగ అనుకోకండి అన్నా. డిష్ సంగతి వేరు, కానీ చాలా బ్రాంచిలకు మొదటి లైన్ ఏదో ఒక టెలికాం కంపెనీ ఫైబరే. మీ ఇంటర్నెట్ వెళ్లే ఫైబర్‌లోనే బ్యాంకు ట్రాఫిక్ కూడా వెళ్తుండొచ్చు. ఎంపీఎల్ఎస్ వీపీఎన్ అనే పద్ధతిలో ఎవరి ట్రాఫిక్‌ను వాళ్లకు విడదీసి నడిపిస్తారు. ఒకే రోడ్డు మీద ఆర్టీసీ బస్సూ వెళ్తుంది, కాలేజీ బస్సూ వెళ్తుంది, కాలేజీ బస్సు ఎక్కాలంటే ఐడీ కార్డు కావాలి, అంతే తేడా. కాబట్టి ఒక నెట్‌వర్క్ పబ్లిక్కా ప్రైవేటా అని తేల్చేది తీగ కాదు. అందులోకి ఎవరిని రానిస్తారు, ఎవరు అనుమతి ఇస్తారు అన్నదే చూడాలి.

ఇక మీ అసలు సందేహం, వేలిముద్ర. ఒక అవ్వ మీ దగ్గర వేలు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో వరసగా చెప్తాను. స్కానర్ ఆధార్ నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన పరికరం అయి ఉండాలి. వేలిముద్ర సమాచారం మీ బ్యాంకు యాప్ చేతికి అందకముందే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. దాన్ని తెరిచే తాళం ఆధార్ సంస్థ దగ్గరే ఉంటుంది. ఆ కట్టిన మూట మీ ఫైబర్ మీదో సిమ్ మీదో, అంటే పబ్లిక్ ఇంటర్నెట్ మీద, మీ బ్యాంకు సర్వర్ దాకా వెళ్తుంది. ఆ అవ్వ ఖాతా వేరే బ్యాంకులో ఉంటే మీ బ్యాంకు నుంచి ఎన్‌పీసీఐకి వెళ్తుంది, అది ప్రైవేట్ దారి. వేలిముద్ర సరిపోల్చడానికి ఆధార్ డేటా సెంటర్‌కు చేరాలి. అక్కడికి మామూలు ఇంటర్నెట్ నుంచి ఎవరూ నేరుగా వెళ్లలేరు. అధికారికంగా గుర్తించిన కొన్ని సంస్థలకే లీజ్డ్ లైన్లు (తమకే ప్రత్యేకంగా అద్దెకు తీసుకున్న లైన్లు) ఉంటాయి, అందరి విన్నపాలూ వాటి ద్వారానే వెళ్లాలి. సమాధానం మళ్లీ అదే వరసలో వెనక్కి వచ్చి మీ తెరమీద పడుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది.

అంటే ఆ అవ్వ ఒక్క లావాదేవీలో పబ్లిక్ నెట్‌వర్కూ వాడింది, రెండు మూడు ప్రైవేట్ నెట్‌వర్కులూ వాడింది. ఆ రోజు తెగింది మాత్రం మీ దగ్గరి మొదటి కొస. దేశమంతటా కోట్లు పెట్టి పక్కాగా కట్టుకున్న దారికి చివర్లో కొబ్బరి చెట్ల మధ్య వేలాడే ఒక్క తీగ. నాకు ఇదే అన్యాయంగా తోస్తుంది. బ్రాంచికి రెండో దారి ఇచ్చిన బ్యాంకు, తన పనే చేసే బ్యాంక్ మిత్రకు ఎందుకు ఇవ్వదు?

రాజోలు_కేబుల్ | మంగళవారం, ఉదయం 7:40

ఊళ్లలో తీగలు లాగే పని మాది. మాకు తెలిసింది చెప్తాను.

ఏపీ ఫైబర్‌నెట్ లైన్లు చాలావరకు కరెంటు స్తంభాల మీదే వెళ్తాయి. అలా చేయడం వల్లే ఖర్చు తగ్గి, త్వరగా ఊళ్లకు చేరింది. నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ ఇస్తామని మొదలుపెట్టారు, 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కోసం తవ్విన గుంతల్లోనే వేశారు. భూమిలో ఉన్నదానికి గాలివాన భయం లేదు, రోడ్డు పనుల జేసీబీ భయం ఉంది. గాల్లో ఉన్నదానికి చెట్ల భయం. మా తీరంలో తుపాను వస్తే రెండోదే ముందు పోతుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో టవర్లూ స్తంభాలూ కలిసి పడిపోయాయి, ఫోన్ పలకక జనం ఎంత అల్లాడిపోయారో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇంకో సంగతి. మొదట సొంత పనికి వేసుకున్న తీగలే తర్వాత జనానికి వచ్చాయి. రైల్వేవాళ్లు సిగ్నళ్లకు, కంట్రోల్ ఫోన్లకు పట్టాల పక్కన ఫైబర్ వేసుకున్నారు. అందులో మిగిలిన సామర్థ్యాన్ని అమ్మడానికి 2000లో రైల్‌టెల్ పెట్టారు. ఇప్పుడు ఇళ్లకు రైల్‌వైర్ బ్రాడ్‌బ్యాండ్ ఇస్తున్నది వాళ్లే. పవర్‌గ్రిడ్ కూడా అంతే, హైటెన్షన్ టవర్ల పైన ఉండే ఎర్త్ తీగలో ఫైబర్ పెట్టి తన పనికి వాడుకుంటూ, మిగిలింది టెలికాం కంపెనీలకు అద్దెకు ఇస్తోంది. ఆ తీగ అంత తేలిగ్గా తెగదు.

బీటెక్_మూడో_ఏడాది | మంగళవారం, ఉదయం 8:30

అలాంటప్పుడు ముఖ్యమైనవన్నీ ప్రైవేట్ నెట్‌వర్క్ మీదికి మార్చేస్తే సరిపోతుంది కదా సర్? ఆసుపత్రులు, కరెంటు, నీళ్లు, బ్యాంక్ మిత్రలు, అన్నీ. ఇంటర్నెట్‌తో సంబంధమే లేకపోతే హ్యాకర్ రాలేడు.

గచ్చిబౌలి_నెట్‌వర్క్_ఇంజినీర్ | మంగళవారం, ఉదయం 9:05

తమ్ముడూ, ఈ నమ్మకం చాలా ప్రమాదం. కాలేజీలో ఎవరైనా ఇలా చెప్తే ఎదురు ప్రశ్న వెయ్యి.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు ఏం జరిగిందో చదువు. స్విఫ్ట్ అనేది ప్రపంచంలోని బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ప్రైవేట్ నెట్‌వర్క్. దొంగలు దాన్ని పగలగొట్టలేదు. ముందు ఆ బ్యాంకు లోపలి కంప్యూటర్లలోకి దూరి, అక్కడి నుంచి బ్యాంకే పంపినట్టు, దాని డబ్బు ఉన్న న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌కు ఆదేశాలు పంపారు. వాళ్లు అడిగింది దాదాపు 95 కోట్ల డాలర్లు. చాలావరకు ఆగిపోయినా 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరాయి. నెట్‌వర్క్ లోపలికి వచ్చినవాణ్ణి మనవాడే అని నమ్మింది కాబట్టే అంత నష్టం జరిగింది.

మన దగ్గర 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం సంగతి ఉంది. పాలనా పనులకు వాడే, ఇంటర్నెట్ ఉన్న ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) దొరికిందని ఆ కేంద్రాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది. రియాక్టర్‌ను నడిపే నెట్‌వర్క్ దాంతో కలవకుండా విడిగా ఉండటం వల్ల దానికి ఏమీ కాలేదని చెప్పింది. విడిగా ఉంచడం వల్ల మేలు జరిగిన మాట నిజమే. అదే సమయంలో ఇరాన్‌లో నతాంజ్ అణు కేంద్రం సంగతి మరిచిపోకూడదు. అక్కడి యంత్రాలకు ఇంటర్నెట్ లేదు, అయినా స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ చేరింది. అలాంటి చోటికి అది పెన్‌డ్రైవ్ మీద కూడా వెళ్లగలదు. 2010లో ఆ సంగతి బయటపడింది.

ప్రైవేట్ అనగానే లోపల పాస్‌వర్డులు మార్చరు, అప్‌డేట్లు వేయరు, ఏ కంప్యూటర్ ఏ కంప్యూటర్‌తో మాట్లాడుతోందో చూసే నాథుడు ఉండడు. చాలా కంపెనీల్లో ఆడిట్‌కు వెళ్లి చూశాను, లోపలి పరిస్థితి బయటి గోడంత గట్టిగా ఉండదు.

విశ్రాంత_బ్యాంకు_ఉద్యోగి | మంగళవారం, ఉదయం 10:15

ఇంజినీర్ గారి మాటకు ఇటీవలి ఉదాహరణ ఒకటి చెప్తాను. 2024 జులై చివర్లో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలు ఇచ్చే సీ-ఎడ్జ్ సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడగడం) జరిగింది. మిగతా చోట్లకు పాకకుండా ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల నెట్‌వర్క్ నుంచి తాత్కాలికంగా విడదీసింది. దాని మీద ఆధారపడ్డ సహకార, గ్రామీణ బ్యాంకులు దాదాపు 300. వాటి ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం లాంటివి ఆగిపోయాయి. మరునాడు మళ్లీ కలిపారు. అలా వెంటనే తెంచేయగలగడం ప్రైవేట్ నెట్‌వర్క్‌కు ఉన్న నిజమైన బలం. ఇబ్బంది పడ్డది మాత్రం మళ్లీ పల్లెల్లోని చిన్న ఖాతాదారులే, అది కూడా చెప్పుకోవాలి.

సికింద్రాబాద్_రైల్వే | మంగళవారం, మధ్యాహ్నం 1:30

రైల్వే గురించి కేబుల్ తమ్ముడు చెప్పాడు కాబట్టి రిజర్వేషన్ సంగతి కూడా కలుపుతాను. స్టేషన్ కౌంటర్‌లో గుమస్తా ముందున్న తెర ఇంటర్నెట్ మీద నడవదు, రైల్వే సొంత నెట్‌వర్క్ మీద నడుస్తుంది. కన్సర్ట్ అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్‌ను మొదట పెట్టింది 1994లో మా సికింద్రాబాద్‌లోనే. 1999లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ కలిశాక, ఏ కౌంటర్ నుంచైనా ఎక్కడి టికెట్టయినా ఇవ్వగలిగాం. 2002లో ఐఆర్‌సీటీసీ ద్వారా జనం ఇంటర్నెట్ మీద నుంచి అదే వ్యవస్థలోకి వచ్చారు. వెబ్‌సైట్ మొరాయించినా కౌంటర్ నడవడానికి ఇదే కారణం.

దిల్‌సుఖ్‌నగర్_షాపు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఊళ్లో మా అమ్మానాన్న ఇంటికి కెమెరా పెట్టించాను. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి కెమెరాకు దారి ఇచ్చే సెట్టింగ్) చేసినా హైదరాబాద్ నుంచి కనిపించడం లేదు. ఇది కూడా ప్రైవేట్ నెట్‌వర్క్ సమస్యేనా?

గచ్చిబౌలి_నెట్‌వర్క్_ఇంజినీర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:45

అవును అన్నా, దీనికి దగ్గరి చుట్టమే. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉంటుంది చూడండి, కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్ నంబరు అది. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, లేదా 10తో మొదలైతే, మీకు సొంత పబ్లిక్ అడ్రస్ లేదన్నమాట. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం సుమారు 429 కోట్లే. ఇవ్వడానికి మిగిలిన బ్లాకులు 2011లోనే అయిపోయాయి. అందుకే కంపెనీలు వందల ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెడుతున్నాయి. బయటి నుంచి మీ ఇంటికి దారి ఉండదు. స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రస్) కొనండి, లేదా కొత్త పద్ధతి అడ్రస్ ఐపీవీ6 ఉందేమో అడగండి, లేదా కెమెరా కంపెనీ యాప్ వాడండి. యాప్ వాడితే పాస్‌వర్డ్ తప్పకుండా మార్చండి.

అమలాపురం_టీచర్ | మంగళవారం, సాయంత్రం 6:20

సెంటర్ బాబుకి నమస్తే. మాదీ మీ వైపే. ఇక్కడ ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. చెట్టు పడితే తీగ తెగుతుంది, ఆదేశం ఇస్తే నెట్ మొత్తం ఆగుతుంది. 2022 మేలో జిల్లా పేరు గొడవ మీద అమలాపురంలో హింస జరిగాక చాలా రోజులు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి ఒడ్డుకు వెళ్లి కూర్చున్నారు. యానాం వైపు నుంచి వచ్చే సిగ్నల్ వాళ్లకు దిక్కయింది.

ఆ రోజుల్లో ఎవరి పని ఆగిందో చూస్తే, ఏ నెట్‌వర్క్ ఎవరిదో తెలిసిపోయింది. సొంత లైన్ ఉన్న ఆఫీసులు నడిచాయి. ఫోన్ డేటా తప్ప వేరే దారి లేని కూరగాయల బండి అతను, ఫోన్‌పే లేక బేరాలు పోగొట్టుకున్నాడు. పోటీ పరీక్షలకు దరఖాస్తు పెట్టాల్సిన పిల్లలు పక్క జిల్లాకు బస్సెక్కారు. 2020 జనవరిలో కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు గడువు లేకుండా ఇంటర్నెట్ ఆపకూడదని, ఆపే ఆదేశాలను ప్రచురించాలని చెప్పింది. పబ్లిక్ నెట్‌వర్క్ అంటే పేదవాడికి ఉన్న ఒకే ఒక్క నెట్‌వర్క్. దాన్ని ఆపడం రోడ్డు మూసినంత తేలిక కాకూడదు.

డాలస్_నుంచి | బుధవారం, ఉదయం 6:50

టీచర్ గారు, మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. చదువు వైపు నుంచి ఒక మాట. ఇండియాలో ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి వచ్చింది. అంతకు చాలాముందే, 1980ల్లోనే, ఐఐటీలు, ఐఐఎస్‌సీ లాంటి సంస్థలు ఎర్నెట్ అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్ మీద మెయిల్ పంపుకునేవి. ఇప్పుడు విద్యాసంస్థలకు నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ఉంది. ఇండియా వచ్చినప్పుడు ఎడ్యురోమ్ (విద్యాసంస్థల ఉమ్మడి వైఫై) ఉన్న క్యాంపస్‌లో ఇక్కడి లాగిన్‌తోనే నా ల్యాప్‌టాప్ కనెక్ట్ అవుతుంది. ఆ సౌకర్యం నాకు ఎంత హాయో, గేటు బయట టీకొట్టు దగ్గర కూర్చుని ఆన్‌లైన్ క్లాసు వినే డిగ్రీ పిల్లకు అది లేకపోవడం అంత కష్టం. పెద్ద పేరున్న సంస్థల చుట్టూనే మంచి నెట్‌వర్కులు ఆగిపోతున్నాయి.

కోనసీమ_సేవాకేంద్రం | బుధవారం, రాత్రి 9:30

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. వేలిముద్ర సంగతి తెలిశాక టెన్షన్ తగ్గింది. ఇప్పుడు చేతిలో పని ఏంటో చెప్పండి. ఖర్చు నేను భరించగలిగేలా ఉండాలి. మా సెంటర్ బయట కుర్రాళ్లు నా వైఫై పాస్‌వర్డ్ అడుగుతుంటారు, డబ్బులు తీసుకుని ఇవ్వచ్చా?

గచ్చిబౌలి_నెట్‌వర్క్_ఇంజినీర్ | బుధవారం, రాత్రి 10:10

బ్యాంకు పని జరిగే వైఫై పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి అన్నా, స్నేహితులకు కూడా. స్కానర్, కంప్యూటర్, ప్రింటర్ ఒక నెట్‌వర్క్ మీద ఉండాలి. బయటివాళ్లకు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ వేరేగా పెట్టాలి. మీ చిన్న గదిలో మీరే ఒక ప్రైవేట్, ఒక పబ్లిక్ నెట్‌వర్క్ నడుపుతున్నట్టు లెక్క.

మీ ఇంటి కనెక్షన్‌ను ఊరికే అమ్మడం చట్టం ఒప్పుకోదు. దానికి పీఎం-వాణి అనే దారి ఉంది, 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించింది. కిరాణా కొట్టు అయినా పబ్లిక్ డేటా ఆఫీస్ (జనానికి వైఫై అమ్మే చోటు) పెట్టుకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు. మీ పైన ఒక అగ్రిగేటర్ ఉంటాడు, లాగిన్, లెక్కలు అతను చూసుకుంటాడు. ఇంతకుముందు కంపెనీలు దీనికి ఖరీదైన లీజ్డ్ లైన్ తీసుకోమనేవి. 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దానికి పరిమితి పెట్టింది: 200 ఎంబీపీఎస్ వరకు మామూలు ఇంటి ప్లాన్ ధరకు రెండింతలకు మించి తీసుకోకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకుని బేరం ఆడండి.

రాజోలు_కేబుల్ | బుధవారం, రాత్రి 10:40

రెండో లైన్ తీసుకునేటప్పుడు కంపెనీ పేరు వేరైతే చాలదండీ, తీగ వచ్చే దారి వేరా కాదా అని అడగండి. ఇద్దరి తీగలూ ఒకే స్తంభాల మీద వస్తే ఒకే కొమ్మకు రెండూ తెగుతాయి. మా దగ్గరే ఇలా చాలామందికి జరిగింది. ఇంట్లో ఫైబర్ పెట్టెకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయినా అవతల మా పరికరాలకు బ్యాటరీ ఉన్నంతసేపు నెట్ ఉంటుంది. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పట్టే రౌటర్ ఉంటే ఇంకా మంచిది.

విశ్రాంత_బ్యాంకు_ఉద్యోగి | గురువారం, ఉదయం 7:15

సొంతంగా వీశాట్ పెట్టుకోవడం మీకు గిట్టుబాటు కాదు బాబూ. కానీ బ్యాంకును అడగండి, నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా. రెండు విషయాలు రాయండి. ప్రైవేట్ ఏపీఎన్ సిమ్ అని ఉంటుంది, అది టవర్ నుంచి ఇంటర్నెట్‌లోకి పోకుండా నేరుగా బ్యాంకు నెట్‌వర్క్‌లోకి వెళ్తుంది. స్వైపింగ్ మెషీన్లకు, ఏటీఎంలకు వాడుతుంటారు. టవర్ ఆగితే అదీ ఆగుతుంది కాబట్టి ఇది భద్రత కోసమే. రెండోది, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో మీ మెషీన్‌తో బ్రాంచి ఆవరణలోనే ఒక టేబుల్ వేసుకుని, వాళ్ల లైన్ మీద పనిచేసే అనుమతి. బ్రాంచి ఐటీ వాళ్లు భద్రత పేరు చెప్పి ముందు వద్దంటారు. విడిగా ఒక వీల్యాన్ (అదే లైన్ మీద వేరుచేసిన చిన్న నెట్‌వర్క్) ఇస్తే సరిపోతుందని ఇంజినీర్ గారి చేత రెండు వాక్యాలు రాయించి జతచేయండి. ఉత్తరం ముసాయిదా నాకు ఇక్కడే పెట్టండి, ఏ అధికారికి పంపాలో, భాష ఎలా ఉండాలో నేను సరిచేసి ఇస్తాను.

కోనసీమ_సేవాకేంద్రం | గురువారం, ఉదయం 8:05

తప్పకుండా సార్. ఈ సాయంత్రానికి రాసి పెడతాను. మా మండలంలో మిగతా బ్యాంక్ మిత్రలతో కూడా మాట్లాడాను, అందరం కలిసి సంతకాలు పెడతామన్నారు.